నాన్న హరికథలు: క్యాసెట్లు ఉంచాలా, సీడీలు చాలా?

పేరు వేయొద్దన్న ఒక పాఠకురాలు పశ్చిమ గోదావరి జిల్లా నుంచి పెద్ద ఉత్తరం రాశారు. వయసు 46, స్కూల్లో టీచరు. వాళ్ల నాన్నగారు హరిదాసు. చుట్టుపక్కల ఊళ్లలో శ్రీరామనవమి పందిళ్లలో, దసరా పందిళ్లలో ముప్పై ఏళ్లకు పైగా హరికథలు చెప్పారు. 1983 నుంచి 1996 దాకా ఆయన పక్కన మృదంగం వాయించినాయన ఒక చిన్న టేప్ రికార్డర్‌తో ఆ కథల్ని పట్టి ఉంచారు. అలా మొత్తం 41 క్యాసెట్లు పోగయ్యాయి. 2005లో పెద్దన్నయ్య వాటిలో 40 క్యాసెట్లు టౌన్లో ఒక షాపుకి తీసుకెళ్లి, సొంత జీతం పెట్టి 38 సీడీల్లోకి ఎక్కించారు. నాన్నగారు పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు చూస్తే 11 సీడీలు అసలు పలకడం లేదు, ఇంకో 6 మధ్యమధ్య ఆగిపోతున్నాయి. ఇల్లు అమ్మేశారు, సంక్రాంతి లోపు ఖాళీ చేయాలి. "అన్నీ సీడీ చేయించాం కదా, అటక మీద ఆ చెత్తెందుకు" అని పెద్దన్నయ్య. "ఈ రోజుల్లో టేప్ రికార్డర్ ఎవరి దగ్గరుంది, పారేయండి" అని డాలస్‌లో ఉన్న చిన్నన్నయ్య. 78 ఏళ్ల అమ్మ మాత్రం "మీ నాన్న గొంతు ఒక్కసారి వినిపించవే" అంటున్నారు. ఆవిడ కోసమని ఈవిడ ఒక క్యాసెట్ పెడితే పాత టేప్ రికార్డర్ రీలు నమిలేసింది. అప్పట్నుంచి ఆ ట్రంకు పెట్టె తెరవాలంటేనే భయం.

ఉత్తరం చివర, వేరే రంగు ఇంకుతో, ఇంకో సంగతి. 1994లో, పదో తరగతిలో ఉండగా, "రుక్మిణీ కల్యాణం, 2" అని నాన్న చేత్తో రాసి ఉన్న అరవై నిమిషాల క్యాసెట్ మీద ఐదు సినిమా పాటలు రికార్డు చేసేసుకున్నారట. నాన్న చూసి ఏమీ అనలేదట. 2005లో షాపుకి వెళ్లకుండా ఆగిపోయిన ఆ ఒక్క క్యాసెట్ అదే, ఈవిడే బీరువాలో దాచారు. అన్నయ్యలు అది ఎక్కడో పోయిందనుకుంటున్నారు. "టేపా, డిస్కా, ఏది ఎక్కువ కాలం మన్నుతుందో చెప్పండి, మీ జవాబు అన్నయ్యకి చూపిస్తాను" అని అడిగారు.

అమ్మా,

మీ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు రాయొచ్చు. కానీ దాన్ని తీసుకెళ్లి మీ అన్నయ్య ముందు పెడితే ఆయన మనసు కష్టపడుతుంది తప్ప పని జరగదు. ఎందుకంటే ఆయన చెప్పేది పూర్తిగా తప్పు కాదు. డిస్క్ అనేది ఒక్క వస్తువు కాదు, అసలు గొడవంతా అక్కడే ఉంది.

1982లో సీడీ మార్కెట్లోకి వచ్చినప్పుడు అది అరగదు, చెడదు అని అందరూ నమ్మారు. కంపెనీ అచ్చు వేసిన సీడీ విషయంలో అది చాలావరకు నిజమే. అందులో పాట అంటే 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లాస్టిక్‌లో అచ్చుగుద్దిన గుంటలు, వాటి మీద అద్దంలా పల్చటి అల్యూమినియం పూత. చదివేది కాంతి కాబట్టి అరుగుదల లేదు. ఎనభైల నాటి సీడీలు ఈ రోజుకీ హాయిగా పాడుతున్నవి బోలెడు. మీ అన్నయ్య మనసులో ఉన్న సీడీ అదీ.

షాపువాడు ఆయనకి ఇచ్చింది అది కాదు. ఖాళీ సీడీ కొని కంప్యూటర్లో రాసినది. అందులో గుంటలు ఉండవు, ఒక రంగు పూత ఉంటుంది, రాసేటప్పుడు లేజర్ ఆ రంగుని అక్కడక్కడ మాడుస్తుంది, ఆ మచ్చలే మీ నాన్నగారి గొంతు. రంగు కదా, ఎండకి, వేడికి వెలిసిపోతుంది. మంచి కంపెనీ డిస్క్ చల్లటి చోట, చీకట్లో ఉంటే పదుల ఏళ్లు వస్తుంది. అదే చవక డిస్క్ మన మే నెల ఎండల్లో, రేకుల కింద అటక మీద ఉంటే ఐదారేళ్లకే మొరాయించడం నేను చూశాను. పైగా మీరు రాసిన ఒక వివరం దగ్గర నా చూపు ఆగిపోయింది. ప్రతి సీడీ మీద కథ పేరు బాల్ పెన్నుతో రాసి, దాని మీద కాగితం స్టిక్కర్ అంటించారన్నారు. సీడీకి మెరిసే వైపు గీతలు పడకూడదని అందరూ జాగ్రత్త పడతారు, కానీ అసలు సమాచారం ఉండేది పేరు రాసే వైపు, పల్చటి వార్నిష్ కిందనే. మెరిసే వైపు గీత పడితే పాలిష్ పట్టి చాలాసార్లు బాగు చేయొచ్చు. పై వైపు పెన్ను గుచ్చుకుంటే ఆ ముక్క అంతే. ఒక సీడీని ట్యూబులైటుకి అడ్డం పెట్టి చూడండి, సూదితో పొడిచినట్టు చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపిస్తే ఆ చోట పూత లేచిపోయినట్టు.

ఇక టేపు. క్యాసెట్‌ని ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చింది, ఉత్తరాలు డిక్టేట్ చేయడం లాంటి పనులకి అని, సంగీతం కోసం కాదు. అందులో నాలుగు మిల్లీమీటర్ల లోపు వెడల్పున్న రీలు, సెకనుకి 4.76 సెంటీమీటర్లు కదులుతుంది. అరవై నిమిషాల క్యాసెట్‌లో సుమారు 86 మీటర్ల రీలు ఉంటుంది. ప్లాస్టిక్ మీద జిగురు, జిగురులో ఇనుప తుప్పు పొడి. వినడానికి ఎంత నాసిగా ఉందో చూడండి! ఆడించిన ప్రతిసారీ హెడ్డుకి, అంటే మెషీన్లో రీలు మీది శబ్దాన్ని చదివే ముక్కకి, రాసుకుంటుంది, కాబట్టి అరుగుతుంది. తేమకి బూజు పడుతుంది. పక్కన స్పీకరు అయస్కాంతం పెడితే చెరుగుతుంది. చుట్టిన రీల్లో ఒక పొర మీది శబ్దం పక్క పొర మీదకి సన్నగా అంటుకుని, పద్యం ఎత్తుకోకముందే దాని నీడ లాంటిది వినిపిస్తుంది. ఇన్ని ఉన్నాయి. అయినా 1983 నాటి మీ క్యాసెట్లు, నలభై ఏళ్లు దాటాక, పలికే అవకాశం ఎక్కువేనని నా అనుభవం మీద చెబుతున్నాను. రాజమండ్రిలో క్యాసెట్లు నింపే షాపులో పదకొండేళ్లు పనిచేశాను, ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా పాత రికార్డింగులు కంప్యూటర్లోకి ఎక్కించడమే నా పని. ఇళ్లలోంచి వచ్చే క్యాసెట్లలో పూర్తిగా పోయినవి తక్కువ. మందకొడిగా, గరగరమంటూ, ఎక్కడెక్కడో తగ్గుతూ, ఏదో ఒకలా పలుకుతాయి.

తేడా ఇక్కడుంది. టేపు చెడిపోతూ చెడిపోతూ మనకి చెబుతుంది. ముందు గజ్జెల చప్పుడు మసకబారుతుంది, తర్వాత చిడతలు, చివరిదాకా గొంతు మాత్రం ఉంటుంది. సీడీ అలా కాదు, చిన్నచిన్న తప్పుల్ని తనే లెక్కగట్టి సరిదిద్దుకుంటుంది, రెండున్నర మిల్లీమీటర్ల పొడవు సమాచారం పోయినా మనకి తెలియనివ్వదు. ఆ ఓపిక అయిపోయిన రోజున ఒక్కసారిగా "నో డిస్క్". నిన్నటిదాకా బాగానే పాడింది కదా అనుకుంటాం. మీ 11 సీడీల సంగతి అదే. అందుకని పలుకుతున్న మిగతా 21 బాగున్నాయని నమ్మకండి, వాటిలో ఎన్ని అంచు మీద ఉన్నాయో చెవికి తెలియదు.

(మీ ట్రంకులో తాతగారివి రెండు గ్రామఫోన్ ప్లేట్లు కూడా ఉన్నాయన్నారు. అవి లక్కతో చేసినవి. కింద పడితే పెంకులే, పడకపోతే మీ మనవలు కూడా వినొచ్చు, ఎందుకంటే అందులో శబ్దం గాడిగా చెక్కి ఉంది, చెరగడానికి ఏమీ లేదు. ఒకదాని మీద ఒకటి పడేయకుండా నిలువుగా పెట్టండి.)

ఇప్పుడు అన్నయ్య గురించి. ఉత్తరంలో మీరు ఆయన మీద కోపంగా రాశారు, కానీ మీ ఉత్తరంలోనే ఆయన ఏం చేశాడో ఉంది. ఇంట్లో ఎవరికీ తట్టని రోజుల్లో, నాన్న బతికుండగానే, ఆ పని చేయించాడు. 38 సీడీలు చేయించడమంటే 2005లో చిన్న ఖర్చు కాదు. ఇప్పుడు మీరెళ్లి "సీడీలు పాడైపోయాయి, టేపులే గొప్ప" అంటే ఆయనకి వినిపించేది వేరు: నువ్వు చేసింది దండగ అని. అందుకే "ఆ చెత్తెందుకు" అని మొండిగా అంటున్నాడనిపిస్తోంది నాకు. ఆయనకి మీరు నిజంగా చెప్పాల్సిన మాట ఒకటుంది, అది పొగడ్త కాదు, సాంకేతికంగా నిజం. 2005లో ఆ టేపులు ఇప్పటికంటే ఇరవై ఏళ్లు చిన్నవి. అప్పుడు తీసిన కాపీలో ఈ రోజు టేపులో లేని శబ్దం ఉండొచ్చు. ఏ క్యాసెట్‌కైనా బూజు పట్టి పలక్కపోతే, ఆ కథకి ఆ సీడీ ఒక్కటే దిక్కు. కాబట్టి రెండూ కావాలి. క్యాసెట్లు పారేయకూడదు, సీడీలూ పారేయకూడదు.

ఏం చేయొచ్చో చెబుతాను, దేనికదే లాభం, నష్టం ఉన్నాయి, మీ ఇంటి పరిస్థితి మీకే తెలుసు.

అన్నిటికంటే తేలికైనది సీడీలు. ఈ ఆదివారమే చేయొచ్చు. పలికే 21 కంప్యూటర్లోకి కాపీ చేసేయండి, శబ్దాన్ని కుదించే ఎంపీ3గా కాదు, ఉన్నదున్నట్టు ఉంచే వేవ్ ఫైలుగా. ఆగిపోయే 6, పలకని 11 వేరే డ్రైవుల్లో పెట్టి చూడండి, ఒక డ్రైవు చదవనిది ఇంకోటి చదవడం మామూలే, పాత డెస్క్‌టాప్‌లోని డీవీడీ రైటరు కొత్త పల్చటి డ్రైవు కంటే మెరుగ్గా లాగడం నేను ఎన్నోసార్లు చూశాను. తుడిచేటప్పుడు మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తుడవండి, గుండ్రంగా వద్దు. స్టిక్కర్లు మాత్రం పీకకండి, కాగితంతో పాటు పూత కూడా లేచి వస్తుంది. దీని వల్ల పోయేదేమీ లేదు. కాకపోతే ఇక్కడితో ఆగిపోతే, పలకని సీడీల్లోని కథలు శాశ్వతంగా పోయినట్టే.

క్యాసెట్లు బయట ఇచ్చి చేయించుకోవడం ఇంకో దారి. మీ పనులు, ఇల్లు ఖాళీ చేసే హడావుడి చూస్తే ఇదే మీకు కుదురుతుందేమో. కానీ ఇచ్చే ముందు అడగాల్సినవి అడగండి. అరవై నిమిషాల క్యాసెట్‌కి అరవై నిమిషాలు పడుతుంది, అడ్డదారి లేదు; "మొత్తం రెండు రోజుల్లో ఇచ్చేస్తాం" అంటే స్పీడుగా తిప్పేస్తారని అర్థం, వద్దనండి. ప్రతి క్యాసెట్‌కీ హెడ్డు వాలు సరిచేస్తారా అని అడగండి. రికార్డు చేసిన మెషీను హెడ్డు, ఆడించే మెషీను హెడ్డు ఒకే కోణంలో లేకపోతే పైస్థాయి శబ్దాలన్నీ పోతాయి. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ చిడతల చప్పుడు ఎక్కడ ఖణీమని వస్తుందో అక్కడ ఆపాలి. మీ అన్నయ్య చేయించిన సీడీల్లో గజ్జెలు వినపడటం లేదని అమ్మగారు అన్నారని రాశారు కదా, షాపువాడు ఈ పని చేసి ఉండడు. అంటే ఆ గజ్జెలు టేపులో ఇంకా ఉండే ఉంటాయి. ఇంకోటి, హోరు తీసేస్తామంటే ముందు తీయకుండా ఒక కాపీ ఇమ్మనండి. హోరుతో పాటు తంబురా శ్రుతి కూడా పోతుంది, అది మళ్లీ రాదు. నష్టం ఏమిటంటే డబ్బు, ఇంకా కొరియర్లో పంపితే టెన్షన్. మొత్తం పెట్టె ఒకేసారి పంపొద్దు, ముందు ఏడెనిమిది ఇచ్చి, తిరిగి చేతికొచ్చాక, విన్నాక, మిగతావి.

మీరే ఇంట్లో చేసుకోవడం మూడోది. బాగున్న క్యాసెట్ డెక్కు ఒకటి, దాని నుంచి ల్యాప్‌టాప్‌కి శబ్దాన్ని పంపే ఒక యూఎస్‌బీ సౌండ్ కార్డు, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే చిన్న యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లు కొనకండి, వాటిలో స్పీడు నిలకడగా ఉండదు, శ్రుతి ఊగుతుంది, రీలు నమిలేస్తే మీకు మళ్లీ అదే భయం. పాత డెక్కు దొరికితే లోపల రబ్బరు బెల్టులు మార్పించి, హెడ్డుని, ఆ నల్ల రబ్బరు చక్రాన్ని శుభ్రం చేయించి, ముందు మీకు అక్కర్లేని ఒక సినిమా క్యాసెట్ పూర్తిగా ఆడించి చూడండి. మీవి 60 నిమిషాలవి 30, 90 నిమిషాలవి 11 అన్నారు, అంటే 46 గంటలకి పైగా వినాలి. రోజుకొకటి చొప్పున నెలన్నర. సంక్రాంతికి అవదు, అవక్కర్లేదు కూడా, పెట్టె కొత్త ఇంటికి వస్తే చాలు. దీంట్లో ఉన్న లాభం డబ్బు కాదు. అమ్మగారు పక్కన కూర్చుని వింటారు, ఇది ఏ ఊరు, ఆ రోజు వయొలిన్ ఎవరు, మధ్యలో నవ్విందెవరు అని చెబుతారు. అది ఏ షాపువాడూ రాసివ్వలేడు. ఫోన్లో ఆవిడ మాటలు కూడా రికార్డు చేయండి.

ఏ దారి పట్టినా కొన్ని జాగ్రత్తలు. క్యాసెట్ కిటికీలోంచి రీలు చుట్ట అంచు చూడండి. తెల్లగా పిండి చల్లినట్టు ఉంటే బూజు. దాన్ని ఆడించొద్దు, విడిగా కవర్లో పెట్టండి, హెడ్డుకి అంటుకుని మిగతా అన్నిటికీ పాకుతుంది, పీల్చడం మీకూ మంచిది కాదు. మధ్యలో రాగి రేకు మీద చిన్న మెత్తటి దిండు ఉంటుంది, చాలావాటిలో జిగురు ఎండి అది రాలిపోయి ఉంటుంది. అప్పుడు శబ్దం దూరం నుంచి వచ్చినట్టుంటుంది, టేపు పోయిందని జనం పారేస్తారు. పోలేదు, స్క్రూలున్న ఇంకో క్యాసెట్ డొక్కలోకి రీలు మారిస్తే గొంతు తిరిగొస్తుంది. మీ మెషీను నమిలిన రీలు కూడా అంతే, మెల్లగా బయటికి తీసి, పెన్సిల్‌తో చుట్టండి, నలిగిన చోట ఒక్క క్షణం శబ్దం తగ్గుతుంది, అంతకంటే ఏం కాదు. తెగితే మాత్రం మామూలు సెల్లోటేపు వాడొద్దు, జిగురు కారి పక్క పొరలకి అంటుకుంటుంది, స్ప్లైసింగ్ టేపు అని దొరుకుతుంది. కథ చివరికొచ్చేసరికి నాన్నగారి గొంతు సన్నబడి, పరుగెడుతున్నట్టు వినిపిస్తే కంగారు పడకండి. ఆ రోజు బ్యాటరీలు అయిపోయి రికార్డర్ నెమ్మదిగా తిరిగిందన్నమాట, కంప్యూటర్లోకి వచ్చాక శ్రుతి చూసుకుని సరిచేయొచ్చు.

క్యాసెట్ల ఫైళ్లన్నీ కలిపి మంచి నాణ్యతలో 50 జీబీ లోపే వస్తాయి. ఒక హార్డ్ డిస్క్ మీ దగ్గర, ఒకటి పెద్దన్నయ్య దగ్గర, ఇంకో కాపీ డాలస్‌లో. చిన్నన్నయ్యకి ఆ బాధ్యత అప్పజెప్పండి. పారేయమన్నది నాన్న మీద ప్రేమ లేక కాదనుకుంటాను, అంత దూరం నుంచి ఆయన చేయగలిగింది ఏమీ కనిపించక.

ఇక ఆ రెండో రంగు ఇంకు సంగతి.

షాపులో చేరిన కొత్తల్లో నేనూ ఒకరి క్యాసెట్ చెరిపాను. ఒక పెద్దాయన వాళ్లమ్మ పాడిన మంగళహారతులు, నా నిర్లక్ష్యం వల్ల. ముప్పై ఏళ్లయింది, ఆయన ముఖం నాకింకా గుర్తుంది. కాబట్టి పదిహేనేళ్ల పిల్లవి, తెలియక చేశావు, మర్చిపో అని నేను అనను. కానీ మీరు ఆ తర్వాత ఎప్పుడూ ఆ క్యాసెట్ వినలేదన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని లెక్క వేశాను.

మీరు రికార్డు చేసింది ఐదు పాటలు. పాటకి నాలుగున్నర, ఐదు నిమిషాలనుకుంటే 25 నిమిషాలు మించవు. అరవై నిమిషాల క్యాసెట్‌కి ఒక వైపు 30 నిమిషాలు. కథ అటు తిప్పాక కూడా సాగింది కాబట్టి నాన్నగారు ఆ వైపు చివరిదాకా చెప్పే ఉంటారు, అంటే పాటలు అయిపోయిన చోట నుంచి కనీసం ఐదు నిమిషాలు ఆయన గొంతే ఉండాలి. ఇక రెండో వైపు. క్యాసెట్ రీల్లో సగం వెడల్పు ఒక వైపుది, మిగతా సగం రెండో వైపుది, ఒకటి చెరిపితే రెండోది చెరగదు. ఆ వైపు మీరు ముట్టుకోకపోయి ఉంటే అరగంట కథ అలాగే ఉంది. పైగా అది అటక మీద మాడలేదు, ఇన్నేళ్లూ బీరువాలో, చల్లగా, చీకట్లో ఉంది. 41లో బాగా మిగిలింది అదే అయినా నేను ఆశ్చర్యపోను.

అన్నయ్యకి చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. చెప్పకుండా ఎక్కించి "దొరికింది" అనొచ్చు, మీ గుండెలో బరువు అలాగే ఉంటుంది, ఐదు పాటలు ఎక్కడివని ఆయన అడిగితే ఇంకో అబద్ధం ఆడాలి. చెబితే ఒక పూట కోప్పడతాడు. నేనైతే చెబుతాను, సీడీలు పాడయ్యాయన్న మాట చెప్పేటప్పుడే, ఇద్దరి తప్పులూ ఒకే పూట బల్ల మీదకి వస్తే ఎవరూ ఎవరికీ పెద్ద కారు. కానీ ఆయన స్వభావం మీకు తెలిసినట్టు నాకు తెలియదు.

ఏది చేసినా, దాన్ని ఏ మెషీన్లోనైనా పెట్టే ముందు క్యాసెట్ వెనక అంచు చూడండి. రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ నాలుకలు ఉంటాయి. రెండూ విరిచేయండి, ఇక దాని మీద ఎవరూ పొరపాటున రికార్డు చేయలేరు. తర్వాత బి వైపు మొదటికి చుట్టి, రికార్డింగ్ ఆన్ చేసి, అమ్మగారిని పిలవండి.